నడుముకు కట్టుకునే మగ్గం

(జాతీయ చేనేత దినోత్సవం సందర్భంగా నేతపనివారు, డిజైన్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే చాలావరకు ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నాకు నెయ్యడం రాదు. ఈ హాల్లో ముందు రెండు వరసల్లో కూర్చున్నవాళ్ళకి అది రోజూ పని. అందుకని నేత గురించి నేను చెప్పేది ఎక్కడైనా తేడా కొడితే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. నేను బట్టలు చూసేదాన్ని. బట్టని చూడటం కూడా నేర్చుకుంటే వచ్చే పనే. ఇవాళ మాయా ఆడవాళ్ళు నేసే బట్టల్ని ఎలా చూడాలో మాట్లాడుకుందాం.

మాయా అనగానే మనవాళ్ళకి 2012 గుర్తొస్తుంది. ఆ ఏడాది డిసెంబర్ 21న ప్రపంచం అంతమైపోతుందని టీవీ ఛానెళ్ళు ఊదరగొట్టాయి. మాయా వాళ్ళ క్యాలెండర్‌లో ఒక పెద్ద లెక్క పూర్తయి ఇంకోటి మొదలైంది, అంతే. ఆ గోలలో మాయా వాళ్ళంటే ఎప్పుడో అంతరించిపోయినవాళ్ళని అందరి బుర్రల్లో పడిపోయింది. వాళ్ళు ఎక్కడికీ పోలేదండీ. మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో 2018 జనాభా లెక్కల్లో నూటికి దాదాపు 42 మంది తాము మాయాలమని రాయించుకున్నారు. ఆ ఒక్క దేశంలోనే 22 మాయా భాషలున్నాయి. పక్కనే మెక్సికోలో చియాపాస్, యుకాతాన్ ప్రాంతాల్లోనూ ఉన్నారు. ఇవాళ నేను చెప్పేదంతా గ్వాటెమాలా కొండ ప్రాంతాల గురించి, కొంచెం చియాపాస్ గురించి.

ఈ ఫొటో చూడండి. ఇందులో మగ్గం ఎక్కడుంది?

(సభలోంచి: మగ్గం లేదమ్మా, కర్రలే ఉన్నాయి.)

ఆ కర్రలే మగ్గం. ఫ్రేము లేదు, గుంట లేదు, కాలితో తొక్కేవి లేవు. పడుగుకి, అంటే పొడుగు పోగులకి, రెండు చివర్లా రెండు కర్రలు. ఒక కర్రని తాడుతో చెట్టుకో ఇంటి స్తంభానికో కడతారు. రెండో కర్రకి ఒక పట్టీ తగిలించి, ఆ పట్టీని నడుము వెనక నుంచి తిప్పి కట్టుకుంటారు. ఆమె చాప మీద మోకాళ్ళ మీద కూర్చుంటుంది. పడుగు బిగువుగా ఉండాలంటే ఆమె వెనక్కి వాలాలి. వదులు కావాలంటే ముందుకి వంగాలి. అంటే మగ్గంలో సగం ఆమె ఒళ్ళే. ఆమె లేచిపోతే అక్కడ మిగిలేది చుట్ట చుట్టి మూలన పెట్టుకునే కర్రల కట్ట.

ఒక్క పేక పోగు, అంటే అడ్డ పోగు, పడటానికి ఏం జరుగుతుందో చూద్దాం. పడుగులో ఒకటి విడిచి ఒకటిగా పోగుల్ని నూలు ఉచ్చులతో ఒక సన్న కర్రకి కట్టి ఉంచుతారు. ఆ కర్రని పైకి లేపాలి. బిగువు మీద అది లేవదు, కాబట్టి ముందుకి వంగి పడుగుని వదులు చెయ్యాలి. లేపగానే పోగులు విడిపోయి సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి కత్తి ఆకారంలో నున్నగా చెక్కిన బరువైన చెక్కని దూర్చి, నిలువుగా తిప్పి, వెనక్కి వాలి, పేక చుట్టిన పుల్లని ఒక చేత్తో పంపి ఇంకో చేత్తో అందుకోవాలి. తర్వాత అదే చెక్కతో కొట్టాలి. ఇది ఒక పోగు. తర్వాతి పోగుకి రెండో సందు, మళ్ళీ వంగడం, మళ్ళీ వాలడం. పనితనం గురించి మాట్లాడుతూ మనం చేతులనే తలుచుకుంటాం. ఇక్కడ నడుముకి వాటా ఎక్కువ. అలసిపోయి సరిగ్గా వాలకపోతే ఆ జానెడు మేర నేత పలచబడుతుంది, చూసే కన్నుకి అది దొరికిపోతుంది.

పడుగు తయారీ మీకు తెలిసిందే. మేకులు దిగ్గొట్టిన చెక్క మీద లెక్కపెట్టి పోస్తారు, పోగులు చిక్కుపడకుండా ఎనిమిది అంకె ఆకారంలో దాటిస్తారు. రంగుల చారలు ఎక్కడ రావాలో అక్కడే తేలిపోతుంది. మనం బియ్యం గంజి పెట్టినట్టు వాళ్ళు చాలాచోట్ల మొక్కజొన్న గంజి పెడతారు. వాళ్ళ తిండి మొక్కజొన్న మరి.

రెండు చేతులూ చాపితే పుల్ల అందుకోగలిగినంతే బట్ట పన్నా. అందుకే ఆ మగ్గం మీద వచ్చేవి సన్నని పలకలు. రెండు మూడు పలకలు పక్కపక్కన పెట్టి కుట్టి, మెడకి ఖాళీ ఉంచితే వీపిల్ అవుతుంది. వీపిల్ అంటే అక్కడి ఆడవాళ్ళ పై బట్ట. ఆ కుట్టు కూడా దాచుకునే కుట్టు కాదు, రంగు దారాలతో మందంగా, కనపడాలనే కుడతారు. వాళ్ళు దాన్ని రాందా అంటారు. కొన్ని వీపిల్స్ మీద నేత కంటే ఈ రాందా ముందు కంటపడుతుంది. కత్తెరకి మెడ దగ్గర తప్ప పని లేదు, కొన్ని ఊళ్ళలో అక్కడా లేదు.

ఇప్పుడు ముందు వరసలవాళ్ళకి నచ్చే సంగతి. మన చీరకి రెండు పక్కలా అంచు ఉంటుంది. పొడుగువైపు చివర్లు మగ్గం నుంచి కోసినవే, అందుకే కొంగుకి కుచ్చులు ముడేస్తాం. ఈ నడుము మగ్గం మీద నేసిన పలకకి నాలుగు పక్కలా మూతపడిన అంచే వస్తుంది. ఒక్క పడుగు పోగు కూడా తెగదు. ఎలాగో ఊహించారా? పడుగు పోగులు చివరి కర్ర దగ్గర ఉచ్చులాగా వెనక్కి తిరుగుతాయి. ఆ ఉచ్చుల దాకా నేత వెళ్ళాలి. ముందు ఒక చివర కొన్ని అంగుళాలు నేస్తారు. తర్వాత మగ్గాన్ని అటుది ఇటు తిప్పి, రెండో చివర నుంచి మొదలుపెట్టి ముందు నేసిన ముక్క వైపు వస్తారు. రెండూ దగ్గరపడేకొద్దీ సందు ఇరుకైపోతుంది. పెద్ద చెక్క పట్టదు, చిన్న చెక్క వాడతారు. అదీ పట్టదు, పుల్ల వాడతారు. చివరికి సూదితో ఒక్కో పోగు కిందా మీదా తీసుకుంటూ పేక దూర్చాలి. పలకంతా నేసిన ఓపిక ఒకటి, ఆ ఆఖరి రెండు మూడు వేళ్ళ మేర ఓపిక ఇంకొకటి.

కాబట్టి ఎవరైనా మీకు మాయా బట్ట ఇస్తే ముందు బొమ్మలు చూడకండి. ఒక చివర నుంచి కొన్ని అంగుళాల లోపల వేలితో తడమండి. పేక కాస్త వదులుగా, కొంచెం వంకరగా ఉన్న పట్టీ ఒకటి తగులుతుంది. తెలియనివాళ్ళు దాన్ని లోపం అనుకుని తక్కువ ధర ఇస్తారు. రెండు నేతలు కలిసిన చోటు అది. నా మటుకు నాకు మొత్తం బట్టలో ఎక్కువ ఇష్టమైనది అదే.

ఇక బొమ్మలు. ఉప్పాడ నుంచి వచ్చినవాళ్ళున్నారా? ఆ, వెనకాల ఉన్నారు. మీరు జామ్దానీలో చేసేదీ, వాళ్ళు వీపిల్‌లో చేసేదీ పద్ధతి ఒకటే. మామూలు పేక దాని దారిన అది నడుస్తుంటే, దానితోపాటు బుటా దగ్గర మాత్రమే అదనపు పేకని వేళ్ళతో దూర్చి, అక్కడికక్కడ తిప్పి వదిలెయ్యడం. పైన కుట్టినట్టు కనిపిస్తుంది కానీ కుట్టు కాదు, నేతలోనే పుట్టిన బొమ్మ. మన పర్యాటకులు ఎక్కువమంది వీపిల్ చూసి ‘ఎంత బాగా ఎంబ్రాయిడరీ చేశారో’ అంటారు. పాపం ఆ నేసినావిడ ఏమీ అనలేక నవ్వి ఊరుకుంటుంది.

తేడా ఎక్కడంటే, మీకు గ్రాఫ్ కాగితం ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసే మగ్గముంటుంది. అక్కడ ఒక్కతే ఉంటుంది. సన్నని మొనదేలిన పుల్లతోనో వేలితోనో పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. లెక్క తలలో ఉంటుంది, లేకపోతే ఒళ్ళో పెట్టుకున్న పాత వీపిల్‌లో ఉంటుంది. కొన్నిచోట్ల బొమ్మలు మాత్రమే నేసిన నమూనా గుడ్డ ఒకటి ఇంట్లో ఉంటుంది.

అదనపు పేక వెయ్యడంలో కూడా రకాలున్నాయి. ఒక రకంలో బొమ్మ పై వైపే కనిపిస్తుంది, వెనక వైపు దాదాపు ఏమీ ఉండదు. ఇంకో రకంలో వెనక వైపు దాని నీడలాగా రంగులు తారుమారుగా కనిపిస్తాయి. మూడోది కష్టమైనది, రెండు వైపులా అచ్చంగా ఒకే బొమ్మ. ఆంతిగ్వా పట్టణం దగ్గర సాన్ ఆంతోనియో ఆగ్వాస్ కాలియెంతెస్ అని కక్చికెల్ భాష మాట్లాడే ఊరుంది. అక్కడివాళ్ళు ఈ మూడో రకానికి పేరు మోశారు. రంగు పేకని పడుగు పోగుల చుట్టూ చుట్టి తీసుకెళ్తారు, దారం చివర్లు బొమ్మ లోపలే అణిగిపోతాయి. వాళ్ళ వీపిల్ తిరగేసి వేసుకున్నా ఎవరూ కనిపెట్టలేరు. అందుకే నేను మ్యూజియంలో ఎప్పుడూ గొణుక్కుంటుంటాను, బట్టని గోడకి అతికించి అద్దం బిగిస్తే సగం పని కనపడకుండా పోయినట్టే కదా అని. గ్వాటెమాలా సిటీలో ఈష్చెల్ మ్యూజియం అని ప్రత్యేకంగా ఈ బట్టల కోసమే ఉంది. అక్కడికి వెళ్ళినా సరే, వెనక వైపు చూపించే వీలుంటే చూపించమని అడగండి.

రంగులే లేని బట్ట గురించి కూడా చెప్పాలి. గ్వాటెమాలాలోనే కొబాన్ వైపు కెక్చి అనే మాయా భాష మాట్లాడే ఆడవాళ్ళు పిక్‌బిల్ అని నేస్తారు. సన్నని తెల్ల నూలు, పలచని నేత, అందులో అదే తెల్ల నూలుతో బొమ్మలు. బల్ల మీద పరిస్తే ఉత్త తెల్ల బట్ట. పైకెత్తి వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే అప్పుడు చెట్లు, చుక్కలు, బాతులు బయటికొస్తాయి. గ్వాటెమాలా బట్టలంటే కళ్ళు జిగేల్మనే ఎరుపు, ఊదా, గులాబీ అని గూగుల్‌లో చూసి నిర్ణయించేసుకున్న పిల్లలకి నేను ముందు పిక్‌బిల్ చూపిస్తాను.

ఇప్పటిదాకా ఏ బొమ్మకి ఏమిటి అర్థం అని నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. అక్కడ గైడ్లందరి దగ్గరా ఒక పట్టిక ఉంటుంది. వజ్రం ఆకారమంటే విశ్వం, వంకర గీతంటే పాము, కాదంటే కొండలు, రెండు తలల గద్ద అంటే ఒక తల గతం వైపు, ఇంకో తల భవిష్యత్తు వైపు. వీటిలో నిజం లేదనడం లేదు. చియాపాస్‌లో వజ్రాన్ని నాలుగు మూలలున్న లోకంగా, మధ్యలో సూర్యుడితో చెప్పేవాళ్ళున్నారు, నమ్మకంతోనే చెప్తారు. గ్వాటెమాలాలో చిచికస్తెనాంగో అనే ఊళ్ళో వీపిల్ మెడ చుట్టూ కిరణాలు నేసి సూర్యుడంటారు. అది వేసుకుని తల బయటపెడితే ఆ మనిషి సూర్యుడి మధ్యలో నిలబడినట్టే. అది నాకూ నచ్చుతుంది. కానీ పట్టిక చేతిలో పెట్టుకుని బట్ట చూస్తే, చూడటం అయిపోతుంది, చదవడమే మిగులుతుంది. ‘ఇది పాము, ఇది మొక్కజొన్న, అయిపోయింది, పదండి’ అంటారు. ఆ పాము వంపు తిరిగే దగ్గర ఆమె రెండు పోగులు దాటిందా మూడు దాటిందా అన్నది ఎవరికీ అక్కర్లేదు.

వజ్రం సంగతే తీసుకోండి. పోగులు లెక్కపెట్టి నేసేవాళ్ళెవరైనా సరే, ప్రతి వరసలో ఒక పోగు పక్కకి జరిపితే ఏటవాలు గీత వస్తుంది. కొంతదూరం వెళ్ళాక వెనక్కి జరిపితే వంకీ వస్తుంది. దాన్ని అద్దంలో చూసినట్టు కింద నేస్తే వజ్రం. మన అంచుల్లో గుడి గోపురం ఎలా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. నేత లెక్క తనంతట తానే ఇచ్చే ఆకారం అది. అర్థం తర్వాత వచ్చి కూర్చుంటుంది, ఒక్కోచోట ఒక్కోటి.

అలాగని పాతదనం లేదనుకోకండి. మెక్సికోలో యాష్చిలాన్ అనే పాత నగరం నుంచి తీసుకెళ్ళిన రాతి ద్వారబంధం ఒకటి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 24వ నంబరు ద్వారబంధమంటారు. దాని మీద చెక్కిన సంఘటన క్రీ.శ. 709 నాటిది. కబాల్ షోక్ అనే రాణి ముళ్ళున్న తాడుని నాలుకలోంచి లాగుతూ రక్తం సమర్పిస్తోంది. చూడటానికి ఒళ్ళు జలదరిస్తుంది. కానీ శిల్పి మాత్రం ఆమె వేసుకున్న వీపిల్ మీద ఎంత టైమ్ పెట్టాడో చూడండి. వజ్రాల వల, ప్రతి వజ్రంలో చిన్న బొమ్మ, అంచుకి వేరే డిజైను, కింద కుచ్చులు. రాతిలో బట్ట నేసినట్టే చెక్కాడు. ఆ వల డిజైనుకి దగ్గరగా ఉండేవి ఇప్పటికీ చియాపాస్ కొండల్లో త్సోత్సిల్ అనే మాయా భాష మాట్లాడే ఆడవాళ్ళు నేస్తున్నారు. 1,300 ఏళ్ళు. ఆ కాలం నాటి బట్టలు మాత్రం తేమకి కుళ్ళిపోయాయి, చిచెన్ ఇట్సా అనే పాత మాయా నగరం దగ్గర పవిత్రమైన నీటి గుంటలోంచి తీసిన మాడిన పేలికల్లాంటివి కొన్నే మిగిలాయి. మెక్సికో తీరంలోని హైనా దీవిలో దొరికిన మట్టి బొమ్మల్లో ఒకామె నడుము మగ్గం చెట్టుకి కట్టుకుని నేస్తూ ఉంటుంది. ఇందాక మీరు ఫొటోలో చూసిన మగ్గమే.

ఇంత చెప్పాక మీకు అనిపించొచ్చు, అయితే ఏమీ మారలేదన్నమాట అని. బోలెడంత మారింది. సాన్ ఆంతోనియో వీపిల్ మీద పెద్ద పెద్ద గులాబీలు, పళ్ళు, పక్షులు కనిపిస్తాయి. ఆ గులాబీల్లో చాలావాటికి మూలం యూరప్ నుంచి అచ్చయి వచ్చిన క్రాస్ స్టిచ్ నమూనా పుస్తకాలు. గళ్ళ కాగితం మీది పువ్వుని చూసి, దాన్ని పోగుల లెక్కలోకి మార్చుకుని, రెండు వైపులా ఒకేలా వచ్చే తమ నేతలో దింపారు. ఆ పని చెయ్యగలిగినవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? ‘అయ్యో, ఇది అసలైన మాయా డిజైను కాదా’ అని కొందరు మొహం ముడుచుకుంటారు. నాకు వాళ్ళ మీద జాలేస్తుంది.

రంగులూ అంతే. నాగజెముడు లాంటి మొక్క మీద బతికే కొచినీల్ అనే చిన్న పురుగు నుంచి ఎరుపు తీసేవాళ్ళు. 19వ శతాబ్దం మధ్యలో గ్వాటెమాలా ఎగుమతుల్లో అదే ముఖ్యం. 1856లో ఇంగ్లండ్‌లో పెర్కిన్ అనే కుర్రాడు బొగ్గు తారు నుంచి ఊదా రంగు తీశాడు. ఆ వెనకే మిగతా రసాయన రంగులు వచ్చాయి, కొచినీల్ బేరం పడిపోయింది. దేశం కాఫీకి మళ్ళింది. 1871 తర్వాత వచ్చిన ప్రభుత్వాలు కాఫీ తోటల కోసం మాయా ఊళ్ళ ఉమ్మడి భూముల్ని లాక్కున్నాయి, ఆ మనుషుల్నే బలవంతంగా ఆ తోటల్లో కూలికి పంపాయి. లండన్‌లో ఒక సీసాలో పుట్టిన రంగు ఇక్కడ ఒక ఊరి పొలాన్ని మింగింది. ఇంకో పక్క అదే రసాయన రంగు నూలు మాయా ఆడవాళ్ళ చేతికి వచ్చినప్పుడు వాళ్ళు దాన్ని ఇష్టంగా తీసుకున్నారు. అంత గాఢమైన గులాబీ రంగు అంతకుముందు దొరకలేదు మరి. ఈ రోజుల్లో అతిత్లాన్ సరస్సు ఒడ్డున కొన్ని ఊళ్ళలో చెట్ల రంగులు మళ్ళీ వాడుతున్నారు. మంచిదే, కానీ కొనేది ఎక్కువగా బయటివాళ్ళు. ఊళ్ళో అమ్మాయి పండక్కి వేసుకునేది మెరిసే మెర్సరైజ్డ్ నూలుదే.

ఇంతవరకు పై బట్ట. కింద కట్టుకునే పావడా బట్టని కోర్తె అంటారు, దాని కథ వేరు. అది వెడల్పుగా కావాలి కాబట్టి స్పానిష్ వాళ్ళు తెచ్చిన కాలితో తొక్కే మగ్గం మీద నేస్తారు, ఎక్కువగా మగవాళ్ళు. అందులో పేరున్నది హస్పె. హస్పె ఏమిటో ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది.

(సభలో నవ్వులు. ఒకరు: చిటికి! మా పోచంపల్లిదే!)

చిటికే, అదే ఇక్కత్. నూలుని ముందే ముడులు కట్టి రంగులో ముంచి, ముడి విప్పి, తర్వాత నెయ్యడం. సల్కహా అనే ఊరు దీనికి పేరు. పొద్దున పూట వీధి పొడుగునా పడుగు సాగదీసి ఉంటుంది, మీ వీధుల్లో లాగే. నేతలో ఆ రంగు అంచులు కాస్త చెదిరి బొమ్మకి ఈకల్లాంటి అంచు వస్తుంది కదా, అదీ అంతే. బొమ్మలు మాత్రం వాళ్ళవి: చేతులు పట్టుకుని నిలబడిన బొమ్మ మనుషులు, చెట్లు, కూజాలు. మన పుట్టపాకలో నేసే చిటికి బట్ట తేలియా రుమాలు చూసిన కళ్ళతో చూస్తే హస్పె లెక్క సాదాగానే ఉంటుంది, మనది ఎక్కువ మెట్టు మీద ఉందని గర్వపడొచ్చు, తప్పులేదు. కానీ అక్కడ పావడాగా రోజూ కట్టుకుంటారు, పొలానికి కట్టుకెళ్తారు. మన రుమాలు బీరువాలో ఉంటుంది.

పిల్లలు ఎలా నేర్చుకుంటారని డిజైన్ పిల్లలు అడిగారు ఇందాక బయట. చియాపాస్‌లో సినకంతాన్ అనే త్సోత్సిల్ ఊళ్ళో ప్యాట్రిషియా గ్రీన్‌ఫీల్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1969, 1970 సంవత్సరాల్లో అమ్మాయిలు నేత నేర్చుకోవడం వీడియో తీసింది. ఇరవై ఏళ్ళ తర్వాత వెళ్ళి, ఆ అమ్మాయిలే తల్లులై తమ కూతుళ్ళకి నేర్పడం మళ్ళీ తీసింది. మొదటిసారి తల్లి పక్కనే ఉండి, చెయ్యి పట్టుకుని, తప్పు పడకముందే ఆపేది. రెండోసారికి ఊళ్ళోకి డబ్బు వ్యాపారం వచ్చింది, పిల్లలు ఎక్కువగా తమంతట తాము తప్పులు చేస్తూ నేర్చుకుంటున్నారు. అదే కాలంలో ఆ ఊరి బట్టల మీద కొత్త డిజైన్లు వరదలా వచ్చిపడ్డాయి. నేర్పే తీరు మారితే బొమ్మ కూడా మారుతుందన్నమాట. అదే ఊళ్ళో పెళ్ళి వీపిల్‌కి తెల్లటి కోడి ఈకల్ని నూలుతో కలిపి నేస్తారు. ఈకల బట్ట అక్కడ స్పానిష్ వాళ్ళు రాకముందు నుంచీ ఉంది.

ఒక్క నిమిషం బరువైన సంగతి. గ్వాటెమాలా కొండల్లో ప్రతి ఊరికీ తనదంటూ బట్ట ఉంది, వందకు పైగా రకాలుంటాయి. బస్సెక్కిన ఆమె వీపిల్ చూసి ఏ ఊరో చెప్పెయ్యొచ్చు. మామూలు రోజుల్లో అది గర్వం. 1960 నుంచి 1996 దాకా అక్కడ అంతర్యుద్ధం జరిగింది. చనిపోయినవాళ్ళు, మాయమైపోయినవాళ్ళు రెండు లక్షలకు పైనే అని ఐక్యరాజ్యసమితి సాయంతో ఏర్పడిన కమిషన్ తేల్చింది. గుర్తించగలిగిన బాధితుల్లో నూటికి 83 మంది మాయాలు. 80ల మొదట్లో ఫలానా ఊళ్ళ మీద సైన్యం పడింది. ఆ ఊరి వీపిల్ ఒంటి మీదుంటే ఆ ఊరని తెలిసిపోతుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఎంతోమంది తమ బట్ట విప్పేసి, పక్క ఊరిదో బజార్లో దొరికిన గౌనో వేసుకుని రాజధానికి వెళ్ళిపోయారు. 1992లో కిచే మాయా మహిళ రిగోబెర్తా మెంచూకి నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ఆమె వీపిల్, కోర్తెలతో వేదికెక్కింది. ఆ ఫొటో ఆ దేశపు ఆడవాళ్ళకి ఏమనిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పటి గొడవ వేరు. మంచి వీపిల్‌ని ఫొటో తీసి, పాలిస్టర్ మీద వేడితో ప్రింట్ కొట్టి, పదో వంతుకి అమ్ముతున్నారు. నేతకి నెలలు పడుతుంది, ప్రింట్‌కి నిమిషాలు. మనకి పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించే 1985 నాటి చట్టం ఉంది. అవి ఎంతవరకు అమలవుతున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు, (నవ్వులు) అయినా కాగితం మీదైనా ఉన్నాయి. 2016లో మాయా నేత మహిళలు తమ దేశ రాజ్యాంగ న్యాయస్థానం మెట్లెక్కారు. డిజైను ఒక మనిషి సొత్తు కాదు, ఊరందరిదీ, దాన్ని ఉమ్మడి హక్కుగా గుర్తించండి అన్నది వాళ్ళ వాదన. పార్లమెంటులో బిల్లు కూడా పెట్టించారు. మేధోహక్కుల చట్టాలు ఎక్కువగా ఒక్క రచయిత, ఒక్క కంపెనీ అనే లెక్కలో రాసినవి. ఎవరి అమ్మమ్మ మొదట నేసిందో తెలియని బొమ్మకి ఆ లెక్కలో చోటు లేదు. నా దృష్టిలో వాళ్ళు అడిగింది న్యాయం.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక మహిళ: కూలి గిట్టుతుందామ్మా వాళ్ళకి?)

గిట్టదు అక్కా. చాలామంది వంటా, పిల్లలూ, పొలమూ అయ్యాక మధ్యలో దొరికిన గంటల్లో నేస్తారు. ఆ గంటల్ని ఎవరూ లెక్కకట్టరు, వాళ్ళూ కట్టరు. సహకార సంఘాలు పెట్టుకున్నచోట కాస్త నయం. చియాపాస్‌లో స్నా హోలోబిల్ అని నేతగత్తెల సంఘం 70ల నుంచి నడుస్తోంది. వాళ్ళు మ్యూజియంలలో ఉన్న పాత బట్టలు చూసి మర్చిపోయిన డిజైన్లు మళ్ళీ నేశారు, పోటీలు పెట్టారు, మంచి పనికి మంచి ధర అడగడం మొదలుపెట్టారు. చాలా ఇళ్ళలో మాత్రం డబ్బు అవసరమైనప్పుడు తను వేసుకున్న వీపిల్‌నే అమ్మేస్తారు. దాన్ని కొన్నవాళ్ళు ముక్కలు కోసి బ్యాగులు కుట్టి అమ్ముతారు. నాలుగు అంచులూ మూసి నేసిన బట్టని కత్తిరించడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కానీ అమ్మినావిడని తప్పుపట్టలేం.

(ఒక విద్యార్థి: మేడమ్, ఆ డిజైన్లు మన చీరల మీద వాడొచ్చా?)

ఏది వాడతావన్నదాన్ని బట్టి బాబూ. రెండు వైపులా ఒకేలా వచ్చే ఆ పేక పద్ధతి నేర్చుకో, హాయిగా వాడుకో. పద్ధతికి ఎవరూ కాపలా ఉండరు, జామ్దానీ తెలిసిన చేతికి అది త్వరగా పట్టుబడుతుంది కూడా. నాలుగు అంచుల పలక ఒకటి నేసి చూడు, మీ కాలేజీలో కర్రలకి కరువు లేదు కదా. చిచికస్తెనాంగో వీపిల్ మీది రెండు తలల గద్దని మాత్రం ఎత్తుకొచ్చి కొంగు మీద పెట్టి ‘ట్రైబల్ కలెక్షన్’ అని పేరు పెట్టకు. అది ఒక ఊరి పేరు లాంటిది. ఇందాక చిటికి అని అరిచాయన ఉన్నారుగా, వాళ్ళ డిజైను వేరేచోట ప్రింట్ కొట్టి అమ్మితే ఎలా ఉంటుందో టీ తాగేటప్పుడు ఆయన్ని అడుగు, నాకంటే బాగా చెప్తారు.

(ప్రసంగం తర్వాత బట్టల ప్రదర్శన జరిగింది.)